రావిచెట్టు సెంటర్ కేసు: మట్టిలో పూడిపోయిన మొదలు

పశ్చిమ డెల్టాలో కాలవ గట్టు వెంబడి పెరిగిన పట్టణం అది. ఊరి పేరు రాయడం లేదు. ఈ కేసులో తగాదా పడ్డవాళ్లూ రాజీపడ్డవాళ్లూ అందరూ రేపు పొద్దున్న మళ్లీ ఆ చెట్టు కిందే టీ తాగాలి. బస్సు కండక్టర్లకీ, ఆటోవాళ్లకీ, శుభలేఖలో కల్యాణమండపం గుర్తు చెప్పేవాళ్లకీ ఆ కూడలి రావిచెట్టు సెంటర్. చెట్టు పోయినా ఆ పేరు పోదు. అలా పేరు ఒక్కటే మిగిలిన సెంటర్లు గోదావరి జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. వాటిలో ఇంకొకటి చేరకూడదనే ఈ చెట్టుని చూసి బతికించే పనికి నేను ఒప్పుకున్నాను.

2024 ఆగస్టులో, గోదావరి వరదల రోజుల్లో, కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఏటిగట్టు మీది నిద్రగన్నేరు పడిపోయింది. ఎన్నో సినిమాల్లో కనిపించి సినిమా చెట్టుగా పేరుపడ్డ మాను. నూటయాభై ఏళ్లదని చెబుతారు. ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగిన వారంలోనే ఈ రావిచెట్టు చుట్టూ ఉన్న దుకాణదారులు కొందరు దీన్ని కొట్టించమని అర్జీ పెట్టారు. వాళ్లని తప్పుపట్టను. అంతకు రెండు నెలల ముందే తొడంత లావు ఎండుకొమ్మ ఊడిపడి ఒక రేకుల షెడ్డు వంగిపోయింది. పడింది రాత్రి పూట కాబట్టి సరిపోయింది.

నాకు ఫోన్ చేసింది అక్కడే పనిచేసి రిటైరైన లెక్కల మాస్టారు. "ఏవండీ, కొట్టించేత్తారంటండి. అంతకుముందు ఒక్కసారి మీరొచ్చి చూడండి. మీరు కూడా కొట్టమంటే ఇంక మాట్లాడం" అన్నారు.

నేను ముప్పై ఏళ్లు కొబ్బరి తోటల్లో తెగుళ్లు చూసినవాణ్ణి. పాత చెట్ల పని తర్వాత పట్టుకున్నది. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ కేసులో నాకు కలిసొచ్చిందీ కొబ్బరి అనుభవమే, నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ అనుభవం మరచిపోవడం వల్లే జరిగింది.

మొదటి చూపు

సెప్టెంబరులో వెళ్లాను. చెట్టు దగ్గరికొచ్చిన ప్రతివాళ్లూ తల పైకెత్తి చూస్తారు. ఆకు పలచబడింది, కొనకొమ్మలు ఎండాయి, అది అందరికీ కనిపిస్తోంది. నేను కిందకి చూశాను. ఏ పాత మానైనా నేలని తాకే చోట విచ్చుకుంటుంది. ఏనుగు పాదంలా వెడల్పవుతుంది, అక్కడి నుంచి వేళ్లు నాలుగు దిక్కులా పాకుతాయి. ఈ చెట్టుకి అది లేదు. కరెంటు స్తంభం పాతినట్టు మాను నిట్టనిలువుగా సిమెంటు అరుగులోకి దిగిపోయింది. నా అనుమానం అక్కడే మొదలైంది.

చుట్టుకొలత 23 అడుగుల 4 అంగుళాలు. దక్షిణం వైపు ఆరడుగుల ఎత్తులో పెద్ద తొర్ర. టీకొట్టు మామ్మగారు దాని కథ చెప్పింది. 1996 నవంబరు తుఫానులో ఆ వైపు కొమ్మ విరిగి కాలవలో పడిందట. కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయిన తుఫాను అది. విరిగిన చోట నీళ్లు దిగుతున్నాయని ఎవరో మంచి మనసుతోనే తొర్ర నిండా సిమెంటు కూరారు. గాలికి మాను కదులుతుంది, సిమెంటు కదలదు. ఆ రెంటి మధ్య సందు పడి, ఆ సందులో నీళ్లు నిలిచి, లోపలి చేవ మెత్తబడింది. ఒకప్పుడు ప్రపంచమంతా ఇలాగే తొర్రలు పూడ్చేవారు, గాయాలకి తారు పూసేవారు. అమెరికా అటవీశాఖలో అలెక్స్ షిగో అనే శాస్త్రవేత్త వేల చెట్లు కోసి చూపించాక ఆ పద్ధతి వెనక్కి పోయింది. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుని చెడిన భాగాన్ని వేరు చేసుకుంటుంది. మనం లోపల కెలికితే ఆ గోడ చెడుతుంది.

ఇంకో రెండు సంగతులు. ఫ్లెక్సీలు కట్టడానికి ఎప్పుడో బిగించిన నైలాన్ తాడు ఒక కొమ్మ బెరడులో మునిగిపోయింది. పైన రెండు పెదవుల్లా బెరడు ముడుచుకుని ఉంది, తాడు కొస మాత్రం బయటికి వేలాడుతోంది. రెండోది నన్ను నిజంగా భయపెట్టింది. అరుగుకీ మానుకీ మధ్య సందులో, నాగప్రతిష్ఠ రాళ్ల వెనక, పసుపు కుంకుమల కింద, అరచేతంత ముదురు గోధుమరంగు పుట్టగొడుగు. పైన వార్నిష్ పూసినట్టు మెరుపు, అంచు తెల్లన. కొబ్బరి రైతులెవరికైనా అది చూస్తే గుండె జారుతుంది. గానోడెర్మా. మొదలునీ వేళ్లనీ లోపల్నించి తినే శిలీంద్రం.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఊళ్లో కొందరు మూడొందల ఏళ్లంటారు. రావికి లెక్కపెట్టదగ్గ వలయాలు నమ్మకంగా దొరకవు, లావుని బట్టి చెప్పేది ఊహే. మాస్టారు తమ ఇంటి పాత దస్తావేజు చూపించారు. 1931 నాటిది. హద్దుల్లో "ఉత్తరం: కాలవ రేవు రావిచెట్టు" అని ఉంది. అప్పటికే హద్దుగా చెప్పుకునేంత మాను. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, ఆ తర్వాతే ఈ కాలవల్లో పడవలు నడిచాయి. పడవ కోసం ఆగేవాళ్ల నీడకి రేవు దగ్గర నాటి ఉంటారని నా ఉద్దేశం. రిపోర్టులో "వందేళ్లు దాటినది" అని మాత్రమే రాశాను.

గొయ్యి తవ్వితే

అక్టోబరులో అరుగు పక్కన రోడ్డు మార్జిన్‌లో అడుగున్నర వెడల్పు గొయ్యి తీయించాం. గునపం సిమెంటు పగలగొట్టడానికే. ఆ తర్వాత వెదురు పుల్లలు, ఈనెల చీపురు, టైర్ల షాపు నుంచి తెచ్చిన గాలి కంప్రెసర్. వేరుకి దెబ్బ తగలకుండా మట్టిని గాలితో ఊది తీశాం. పూటకి ఒక అడుగు లోతు దిగితే గొప్ప.

చెట్టు వయసు వలయాల్లో దొరకలేదు గానీ రోడ్డు వయసు పొరల్లో దొరికింది. పైన సిమెంటు. దాని కింద తారు. తారు కింద కంకర, ఆ కింద ఎర్ర గ్రావెలు, మళ్లీ తారు, మళ్లీ కంకర. ఆ కింద నల్లరేగడి. ఆ నల్లమట్టి పైముఖం మీద మసిబారిన మట్టి ప్రమిదల ముక్కలు నాలుగు దొరికాయి. అంటే ఒకప్పుడు ఆడవాళ్లు దీపం పెట్టిన నేల అదీ. రోడ్డు మీద నుంచి కొలిస్తే 2 అడుగుల 7 అంగుళాల లోతు. మాను విచ్చుకునే పాదం అంతా ఆ లోతులో పూడిపోయింది.

ఇంకో రెండడుగులు దిగేసరికి నీళ్లు ఊరాయి. పైన రోడ్డు, కింద నీరు, మధ్యలో రెండడుగుల మట్టి. అంత పెద్ద మాను బతకడానికి మిగిలింది అదే.

ఆ మట్టి చేతిలోకి తీసుకుంటే నీలం కలిసిన బూడిద రంగులో ఉంది, అక్కడక్కడ తుప్పు చారలు. మురుగు వాసన. గాలి ఆడని మట్టి లక్షణం అది. వేలు లావు వేరుని పట్టుకుని మెల్లిగా లాగితే పైతోలు గొట్టంలా ఊడి చేతిలోకి వచ్చేసింది, లోపల తీగ ఒక్కటే మిగిలింది. చచ్చిన వేరు అలాగే వస్తుంది. బతికిన వేళ్లు లేకపోలేదు. సిమెంటుకి ఆనుకుని గ్రావెలు పొరలో, ఊపిరి కోసం పైకొచ్చినవి, మాను చుట్టూ చుట్టుకుని తిరుగుతున్నాయి.

వేరుకి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మెట్ట ప్రాంతంలో పైన రెండడుగులు కప్పేస్తే చెట్టు కింద ఇంకా లోతుకి పోయి బతకొచ్చు. డెల్టాలో కిందకి దారి లేదు. పంట కాలంలో కాలవలు నిండుగా ఉంటే భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక అదే నల్లమట్టి ఎండి, నెర్రెలిచ్చి, సన్న వేళ్లని తెంపుతుంది. పంట కాలమంతా ముంచి ఎండాకాలం ఎండగట్టే నేల మీద రోడ్డు వేసిన ప్రతిసారీ మనం ఒక మూత పెట్టుకుంటూ వచ్చాం. ఈ కేసంతా నాకు అర్థమైనంతలో ఇదే. తొర్ర, గానోడెర్మా, ఎండుకొమ్మలు ఆ తర్వాత వచ్చినవి. బలహీనపడ్డ వేరులోకి శిలీంద్రం దిగింది.

కొట్టాలా, ఉంచాలా

రిపోర్టు రాసేముందు మాను ఎంత డొల్లో తెలియాలి. కొయ్య సుత్తితో చుట్టూ తట్టి చప్పుడు మారే చోట్లు సుద్దతో గుర్తు పెట్టాను. నాలుగే నాలుగు చోట్ల సన్నటి పొడవాటి డ్రిల్లు దింపాం. ప్రతి రంధ్రం చెట్టుకి కొత్త గాయమే కాబట్టి అంతకంటే ఎక్కువ వద్దన్నాను. మూడు చోట్ల గట్టి చేవ 16, 17 అంగుళాలు ఉంది. తొర్ర వైపు 9 అంగుళాలే. మాను వ్యాసార్ధంలో మూడోవంతు మందం గట్టిగా ఉంటే డొల్ల చెట్టు కూడా నిలబడుతుందని ఒక లెక్క ఉంది, ఈ మానుకి అది సుమారు 15 అంగుళాలు. మూడు వైపులా నెగ్గింది, ఒక వైపు ఓడింది. తొర్ర తెరుచుకున్న మానుకి ఆ లెక్క అచ్చంగా వర్తించదు, ఇంకా జాగ్రత్త కావాలి. అందుకని ఆ వైపు కొమ్మల బరువు తగ్గించి, కాలవ మీదికి వాలిన పెద్ద కొమ్మకి ఊతం ఇచ్చి ఉంచవచ్చని రాశాను. ఎవరూ పడుకోకుండా, తుఫాను హెచ్చరిక వస్తే సెంటర్ మూసేలా షరతు పెట్టాను. నీరు, భూమి, చెట్ల రక్షణకి వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం కుదరదు, ఆ అనుమతి ఇచ్చేవాళ్లు రిపోర్టు చదివి ఏడాది గడువిచ్చారు.

ఊరంతా నన్ను అడిగింది ఒకటే: "సెలైన్ ఎప్పుడు పెడతారండి?" 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సీసాలు వేలాడదీసి మందెక్కించడం టీవీలో అందరూ చూశారు. అక్కడ బాధ చెదపురుగు, ఎక్కించింది పురుగుమందు. మనకి చెద లేదు. ఊపిరాడని చెట్టుకి మందెక్కించి ఏం లాభం? ఈ మాట ఒక్కొక్కరికీ విడిగా చెప్పాల్సి వచ్చింది, చెప్పాను.

మర్రి గురించీ అడిగారు. హౌరా బొటానికల్ గార్డెన్ మర్రికి 1925లో అసలు మానునే తీసేశారు, అయినా అది ఊడల మీద ఇప్పటికీ పెరుగుతోంది. రావికి ఆ అదృష్టం లేదు. దానికి మానూ వేరూ తప్ప వేరే దిక్కు లేదు. కాకపోతే ఊతం పెట్టొచ్చు. శ్రీలంక అనూరాధపురంలో బోధివృక్షం కూడా రావే, దాని కొమ్మల కింద బంగారు పూత పూసిన ఊతకర్రలున్నాయి. మేం మూడంగుళాల ఇనప పైపు వాడాం, కొమ్మ ఆనే చోట లారీ టైరు ముక్క వేసి.

అరుగు

అసలు కష్టం అరుగు. మాను చుట్టూ 22 అడుగుల వెడల్పున గుండ్రంగా కట్టిన సిమెంటు అరుగు అది. తుఫాను తర్వాత ఒక కుటుంబం వాళ్ల తండ్రిగారి పేరున కట్టించింది. పాలరాతి ఫలకం మీద ఆయన పేరుంది. కొడుకుకి ఇప్పుడు డెబ్బై దాటాయి. "మా నాన్నగారి పేరండి అది. చెట్టు మీద ప్రేమతోనే కట్టాం కదండీ" అన్నారు. ఆయన అన్నది నిజం.

నేను వాదించలేదు. గొయ్యి దగ్గరికి తీసుకెళ్లి ప్రమిద ముక్కలు చూపించాను. ఒక వేరు ఆయన చేతికిచ్చి లాగమన్నాను. తోలు ఊడి వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నారు. తర్వాత పంతులుగారి వైపు తిరిగి "మంచిరోజు చూడండి" అన్నారు.

పంతులుగారు చేసిన సాయం నేను మరచిపోలేను. నాగప్రతిష్ఠ రాళ్లని సంప్రోక్షణ చేయించి పదడుగులు పక్కకి జరిపారు. తొర్రలో దీపాలు పెట్టొద్దని, చెట్టు మీద పాలు, నూనె పోయొద్దని, అది దేవుడి ఒంటికి వాత పెట్టడమేనని కార్తీక మాసమంతా మైకులో చెప్పారు. నేను చెబితే వినేవాళ్లు కారు.

జనవరిలో కొమ్మల పని. ఎండినవి తీశాం, తొర్ర వైపు కొమ్మలని కొసల నుంచి తగ్గించాం. మోడు చేయలేదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా మెడలా ఉండే భాగాన్ని వదిలి దాని బయట కోశాం. గాయాలకి ఏదీ పూయలేదు. నైలాన్ తాడు బయటికి కనిపించినంత కత్తిరించి, లోపలిది వదిలేశాం. ఊగుతున్న సిమెంటు పెచ్చులు తీశాం, గట్టిగా పట్టుకున్నది ముట్టుకోలేదు.

ఫిబ్రవరి నుంచి అరుగు పగలగొట్టి, పాత నేల దాకా మట్టి తీశాం. మాను పాదం బయటపడిన రోజు సెంటర్లో పనులాగిపోయాయి. ఏనుగు పాదాల్లా ఏడు వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. మామ్మగారు కొట్టు వదిలి వచ్చి "ఇలాగే ఉండేదండి, నా చిన్నప్పుడు ఈ వేళ్ల మీదే కూకునేవోళ్లం" అంది. చుట్టూ సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి రోడ్డు అంచుని ఆపాం. కూర్చోవడానికి ఎనిమిది స్తంభాల మీద నాపరాళ్లు పరిచాం, కింద గాలి ఆడేలా. పాలరాతి ఫలకం అక్కడే పెట్టాం. అక్కడి నుంచి బయటికి, బండిచక్రం ఆకుల్లా, ఐదు కందకాలు తీసి గోదావరి ఇసుక, మాగిన కొబ్బరిపొట్టు, రైసుమిల్లు ఊకబూడిద కలిపి నింపాం. గానోడెర్మా కోసం కొబ్బరికి మనం చేసేదే చేశాం: చెట్టుకి 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంద్రం, 5 కిలోల వేపపిండి అన్న లెక్కని మాను లావుని బట్టి పెంచి కందకాల్లో కలిపాం. దానివల్ల లోపలి కుళ్లు నయం కాదు. కొత్త వేరుకి కొంత కాపలా, అంతే. కాలవలు కట్టేసిన రెండు నెలలూ వారానికొక ట్యాంకరు నీళ్లు పెట్టాం. మేలో చిగురు బాగా వచ్చింది. నేను పొంగిపోయాను.

నా తప్పు

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు మాస్టారు ఫోన్ చేశారు. మాను చుట్టూ తీసిన గుంట నిండా నీళ్లు, కందకాల్లోనూ నీళ్లే. వెళ్లేసరికి ఏనుగు పాదాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. తడిసిన రేగడిలోకి నీరు తొందరగా ఇంకదు. అలాంటి నేలలో గుల్ల మట్టితో కందకం నింపితే అది నీళ్లతొట్టి. చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే దిగాయి. పైగా కందకాలు నేను లోతుగా తీయించాను, అడుగు దాదాపు నీటిమట్టానికే తగిలింది. కాలవలోకి వదులుదామంటే కాలవ నిండుగా ఉంది, పట్టణం డ్రైను ఇంకా ఎత్తులో ఉంది.

కొబ్బరి తోటలో బోదె తీసేటప్పుడు నీళ్లు ఎటు పోతాయో చూడకుండా పార వేయను. ముప్పై ఏళ్లు రైతులకి చెప్పిన మాట అది. ఇక్కడ గాలి సంగతే ఆలోచించి నీటిదారి మరచాను. రెండో వారంలో ఉత్తరం కొమ్మల్లో ఆకు పసుపెక్కి రాలింది. రావి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. ఆషాఢంలో రాలడం ఏ రకంగానూ మంచిది కాదు. కొట్టించమని అర్జీ పెట్టినవాళ్లు మళ్లీ వచ్చారు. తప్పు నాదేనని వాళ్ల ముందే చెప్పాను.

ముందు ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడాం. వాన తెరిపిచ్చాక ఐదు కందకాల అడుగునా ఒక అడుగు మేర పాత మట్టే నింపి ఎత్తు చేశాం. కంతలు పెట్టిన పైపులు వేసి అన్నింటినీ ఒక మూలకి వాలు చేశాం. అక్కడ నూతి ఒరలు నాలుగు దించి, అర హార్స్‌పవర్ మోటారు పెట్టాం. కరెంటు టీకొట్టు నుంచి. ముసురు పట్టినప్పుడు పొద్దున్నొకసారి, సాయంత్రం ఒకసారి మామ్మగారి మనవడు మోటారు వేస్తాడు. డెల్టాలో పాత చెట్టు కింద గుల్ల మట్టి వేసేవాళ్లెవరైనా నీటిదారి పని ముందు చేయండి, మిగతావి తర్వాత.

మొంథా రాత్రి, ఆ తర్వాత

మాను వాలుతోందా అని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం ఏదీ పెట్టలేదు. పన్నెండడుగుల ఎత్తులో ఒక కొక్కెం, దానికి తాపీమేస్త్రి గుండు కట్టిన దారం, కింద నాటిన రాతి మీద ఒక గీత. ప్రతి అమావాస్యకీ, గాలి లేని తెల్లవారుజామున, గుండు ఎక్కడ నిలిచిందో పంతులుగారు చూసి నోట్‌బుక్కులో రాస్తారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రమే సెంటర్ ఖాళీ చేయించారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తెల్లవారి ఆరింటికి మాస్టారు గొడుగేసుకుని వెళ్లి చూసి ఫోన్ చేశారు. మణికట్టంత కొమ్మ ఒకటి, ఆకులు బోలెడు పడ్డాయి. నేల మీద మాను చుట్టూ కొత్త నెర్రె లేదు. గాలి పూర్తిగా తగ్గాక చూస్తే గుండు గీత మీదే ఉంది.

డిసెంబరులో ఒక కందకంలో జానెడు వెడల్పున మట్టి తీసి చూశాను. కొబ్బరిపొట్టులోంచి సేమ్యాలా తెల్లటి కొత్త వేళ్లు అల్లుకుని ఉన్నాయి. ఒకటి తుంచి వాసన చూశాను. పచ్చి వాసన, మురుగు లేదు.

అంతా చక్కబడిందని రాయలేను. తుఫాను వానల తర్వాత గానోడెర్మా గొడుగులు ఇంకో రెండు వచ్చాయి, తొర్ర వైపునే. అక్కడి 9 అంగుళాలు ఎప్పటికైనా తగ్గేవే. రెండేళ్లు ఆగి మళ్లీ ఒకే ఒక్క చోట డ్రిల్లు దింపి చూస్తాను, అప్పుడు 6 అంగుళాలకి వస్తే పైభాగం ఇంకా దించాలని ఇప్పుడే రాసిచ్చాను. రోడ్డు మళ్లీ వేస్తారని వినికిడి. ఈసారి ఎత్తు పెంచకుండా పాత పొర గీకి వేయమని అడిగాం, రాళ్ల కట్టు మీద ఇప్పటి రోడ్డు మట్టం ఎర్రరంగుతో గీయించాం. నవంబరులో ఒక రాత్రి ఎవరో కాంట్రాక్టరు మనుషులు మిగిలిన కాంక్రీటు ఆ గుంటలో పోయబోతే మామ్మగారి మనవడు లేచి ఆపాడు.

కాలవలు కట్టేసేలోగా ట్యాంకరు మాట్లాడాలి. పోయినేడు వారానికొకటి చాలింది, కొత్త వేరు వచ్చింది కాబట్టి ఈసారి రెండు కావాలేమో.